‘మా ఊరాయన’ని ఇంగ్లీషులో ఏమనాలి?

కొత్త ఆఫీసులో పక్క సీటాయనది నరసరావుపేట అని తేలింది. మీదీ నరసరావుపేటే. ఆ సంగతి తెలుగు రాని మేనేజరుకి చెప్పాలి. తెలుగులో అయితే "మా ఊరాయనే" అన్న రెండు మాటలతో అయిపోయేది. ఇంగ్లీషులో నోరు తెరవగానే నేటివ్, టౌన్స్‌మన్, లోకల్, విలేజర్ అన్నీ ఒకేసారి నాలుక మీదికొస్తాయి. వాటిలో ఏది పట్టుకున్నా ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది.

తొందరలో ఉన్నవాళ్ళ కోసం ముందే చెప్పేస్తాం. మాట్లాడేటప్పుడు "హీ ఈజ్ ఫ్రమ్ మై హోమ్‌టౌన్". ఇద్దరినీ కలిపి చెప్పాలంటే "వియ్ ఆర్ ఫ్రమ్ ద సేమ్ టౌన్". రాతలో, అదీ ఆ ఊరివాళ్ళకు ఇంగ్లీషులో స్థిరపడిన పేరుంటేనే, "ఎ ఫెలో హైదరాబాదీ" లాంటిది. రోజువారీ అవసరం వీటితో తీరిపోతుంది. నామవాచకం కోసం వెతకడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. ఇంగ్లీషు ఈ పనిని నామవాచకంతో కాకుండా ‘ఫ్రమ్’తో చేస్తుంది.

ఊరు అనే మాటకున్న వైశాల్యం

మనకు విజయవాడా ఊరే, యాభై గడపల పల్లె కూడా ఊరే. "ఊరెళ్తున్నా" అంటే ఎక్కడికో వినేవాడికి తెలుసు. ఇంగ్లీషు ఇక్కడ పరిమాణం అడుగుతుంది: విలేజా, టౌనా, సిటీనా? ఇటాలియన్లో ‘పయేజె’ అంటే పల్లే, దేశమూ కూడా. అందుకే వాళ్ళకు ‘పయేజానో’ అని ఒక్క మాట దొరికింది. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు.

ఒక్క ‘హోమ్‌టౌన్’ మాత్రం పరిమాణాన్ని పెద్దగా పట్టించుకోదు. హైదరాబాదులో పెరిగినవాళ్ళూ "హైదరాబాద్ ఈజ్ మై హోమ్‌టౌన్" అనొచ్చు, మండల కేంద్రంలో పెరిగినవాళ్ళూ అనొచ్చు. మన ‘ఊరు’కి అన్నిటికన్నా దగ్గరి మాట ఇదే. పుట్టిన ఊరికీ పెరిగిన ఊరికీ తేడా ఉంటే ఎక్కువమంది పెరిగిన ఊరినే హోమ్‌టౌన్ అంటారు. కాన్పుకి అమ్మమ్మగారింటికి వెళ్ళినందువల్ల అక్కడ పుట్టి, నెల తిరక్కుండా నాన్నగారి ఊరికి వచ్చేసినవాళ్ళు మనలో కోకొల్లలు. వాళ్ళ పాస్‌పోర్టులో ‘ప్లేస్ ఆఫ్ బర్త్’ దగ్గర అమ్మమ్మ ఊరుంటుంది, నోటి మాటలో హోమ్‌టౌన్ ఇంకొకటి. రెండూ సరైనవే, ఒకదాన్ని ఇంకోదాని గడిలో రాయకుండా చూసుకుంటే చాలు.

నిజంగా పల్లెటూరే అయితే? బ్రిటన్‌లో "ఫ్రమ్ మై విలేజ్" నిక్షేపంగా చెల్లుతుంది, అక్కడ విలేజ్ రోజూ వాడే మాట. అమెరికాలో మామూలు సంభాషణలో ఆ మాట తక్కువ. చిన్న ఊళ్ళను కూడా ‘స్మాల్ టౌన్’ అనేస్తారు. అక్కడ "మై విలేజ్" అంటే కొందరి ఊహలో గుడిసెలూ బావీ మెదులుతాయి. అలాగని పల్లెను టౌన్ చేసి చెప్పుకోనక్కర్లేదు. "వియ్ గ్రూ అప్ ఇన్ ద సేమ్ విలేజ్" అని ‘గ్రూ అప్’ చేరిస్తే వినేవాడి దృష్టి ఊరి సైజు మీంచి మీ ఇద్దరి మీదికి మళ్ళుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో పెరిగినవాళ్ళకైతే మా ఓటు ఈ వాక్యానికే.

‘ఫ్రమ్’ జారిపోతే

"హీ ఈజ్ మై టౌన్." అంటే ఆయనే నా పట్నం అని. "వియ్ బోత్ ఆర్ సేమ్ విలేజ్." ఇందులో రెండు లోపాలు: ఫ్రమ్ లేదు, సేమ్ ముందు ‘ద’ లేదు. తెలుగులో "మాదీ అదే ఊరు" అనే వాక్యంలో ఈ రెండింటికీ చోటు లేదు కాబట్టి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు కూడా ఎగిరిపోతాయి. వాక్యాన్ని ముక్కలుగా గుర్తుపెట్టుకోకుండా "ఫ్రమ్ ద సేమ్" అనే మూడు మాటలనూ ఒకే గుటకలో పలకడం అలవాటు చేసుకోవాలి. తర్వాత టౌన్, విలేజ్, స్ట్రీట్, ఏదైనా తగిలించుకోవచ్చు.

"ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ గుంటూరు" అంటే ఇప్పుడే గుంటూరులో బయల్దేరి వస్తున్నానని. సొంతూరు చెప్పాలంటే "ఐ కమ్ ఫ్రమ్ గుంటూరు" లేదా "ఐయామ్ ఫ్రమ్ గుంటూరు". ఇంటర్వ్యూల్లో బట్టీపట్టి అప్పజెప్పే "ఐ హెయిల్ ఫ్రమ్" తప్పు కాదు, కాకపోతే అతికించిన మీసంలా ఉంటుంది. "ఐ బిలాంగ్ టు గుంటూరు" మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, స్కాట్లాండ్‌లో కూడా ఇలాంటి వాడుక ఉంది. మిగతా చోట్ల వింతగా వినిపిస్తుంది.

ఇంకో సన్నని ముల్లు ‘అవర్’. మనం ఒక్కరమే ఉన్నా "మా ఊరు", "మా ఆవిడ", "మా బడి" అంటాం. దాన్ని అలాగే దింపి "హీ ఈజ్ ఫ్రమ్ అవర్ విలేజ్" అంటే వినేవాడు తననూ కలుపుకున్నారా అని ఒక క్షణం తికమకపడతాడు. తెలుగులో మా, మన అని రెండున్నాయి, ఇంగ్లీషులో ఆ రెంటికీ ఒక్క అవరే. వినేవాడు వేరే ఊరివాడైతే ‘మై’ వాడండి. వినేవాడిదీ ఆ ఊరే అయితే అవర్ సరిగ్గా సరిపోతుంది. "మనూరోడే లే" అనే ఆప్యాయత కావాలంటే "హీజ్ వన్ ఆఫ్ అజ్".

నేటివ్: ఎక్కువగా వాడేదీ, ఎక్కువగా పాడయ్యేదీ

పెళ్ళి బయోడేటా నుంచి కాలేజీ దరఖాస్తు దాకా ‘నేటివ్ ప్లేస్’ అని చూసిచూసి మనకు నేటివ్ అంటే ఊరు అని స్థిరపడిపోయింది. "వాట్ ఈజ్ యువర్ నేటివ్?" అని మనవాళ్ళు మనవాళ్ళను అడగడంలో ఇబ్బందేమీ లేదు, అది భారతీయ ఇంగ్లీషు. బయటివాళ్ళ ఇంగ్లీషులో నామవాచకంగా నేటివ్ అంటే ఊరు కాదు, ఆ ఊళ్ళో పుట్టిన మనిషి. కాబట్టి "మై నేటివ్ ఈజ్ ఒంగోల్" అంటే వాళ్ళకు వాక్యం సగంలో ఆగిపోయినట్టుంటుంది. "హీ ఈజ్ మై నేటివ్" మరీ ప్రమాదం. ‘నా ఆదివాసి’ అన్న ధ్వని వస్తుంది, దాని వెనక తెల్లదొరల కాలపు చులకన కూడా ఉంది. బహువచనంలో ఒంటరిగా ‘ద నేటివ్స్’ అనడం ఇంకా చేదు.

దీన్ని సరిగ్గా వాడటానికి ఒక్కటే నియమం: ఊరి పేరు పక్కనే ఉండాలి. "ఎ నేటివ్ ఆఫ్ ఒంగోల్" సరే. "ఆన్ ఒంగోల్ నేటివ్" వార్తల శీర్షికల్లో మామూలే. "ఎ ఫెలో నేటివ్ ఆఫ్ ఒంగోల్" కాస్త బరువుగా ఉన్నా రాతలో నిలబడుతుంది. ఇంకోటి: నేటివ్ అంటే అక్కడ పుట్టాడనే అర్థం. మూడో తరగతిలో ఉండగా నాన్న బదిలీ మీద ఒంగోలు వచ్చి చేరినవాణ్ణి నేటివ్ అనకండి, "గ్రూ అప్ ఇన్ ఒంగోల్" అనండి.

లోకల్

లోకల్ అంటే ప్రస్తుతం అక్కడ ఉంటున్నవాడు. మీరూ మీ స్నేహితుడూ ఇరవయ్యేళ్ళుగా బెంగళూరులో ఉంటూ ఒకరినొకరు నెల్లూరు లోకల్స్ అనుకుంటే కుదరదు. మన పిల్లలకు ఈ మాట ఇంకో దారిలో కూడా వచ్చింది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల కాలేజీ సీట్లలో లోకల్, నాన్-లోకల్ అనే విభజన ఏర్పడింది. అక్కడ లెక్క ముఖ్యంగా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి, ఏ ఊరివాళ్ళన్నదాన్ని బట్టి కాదు. కౌన్సెలింగు ఫారంలోని ఆ అర్థాన్ని సంభాషణలోకి తెచ్చుకోవద్దు. ఇక బ్రిటన్‌లో ‘మై లోకల్’ అంటే ఇంటి దగ్గరి పబ్బు. "హీ ఈజ్ మై లోకల్" అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఫెలో: తిట్టు కాదు, సాటి

"యూజ్‌లెస్ ఫెలో" అని తిట్టించుకుని పెరిగిన మనకు ఫెలో అంటే కొంచెం వెటకారం. నామవాచకానికి ముందు నిలబడితే మాత్రం దానర్థం ‘సాటి’. ఫెలో ప్యాసింజర్ అంటే సాటి ప్రయాణికుడు. "మై టౌన్ ఫెలో" తప్పు, "ఫెలో" ముందుకు రావాలి. వెనక వచ్చేది ఆ ఊరి మనుషుల పేరు కావాలి. అన్ని ఊళ్ళకూ అలాంటి పేరుండదు, దీని ఇబ్బంది అదే.

హైదరాబాదీ అందరికీ తెలుసు. వైజాగైట్ మన ఇంగ్లీషు పత్రికల్లో బాగానే కనిపిస్తుంది, అయితే విశాఖ పేరే వినని విదేశీయుడికి దాన్ని వివరించాల్సి వస్తుంది. తెనాలి, కాకినాడ, నిజామాబాదుల దగ్గరికి వచ్చేసరికి ఎవరికి తోచిన తోక వాళ్ళు తగిలిస్తారు. అక్కడ కొత్త పేర్లు పుట్టించకుండా "సమ్‌వన్ ఎల్స్ ఫ్రమ్ కాకినాడ" అనేయడం మేలు. విదేశాల్లో ఊరి పేరును బట్టి మనిషి పేరు ఊహిస్తే దెబ్బతింటాం. లండన్‌కి లండనర్, డాలస్‌కి డాలసైట్, హ్యూస్టన్‌కి హ్యూస్టోనియన్ పర్వాలేదు. మాంచెస్టర్‌కి మాంక్యూనియన్, లివర్‌పూల్‌కి లివర్‌పడ్లియన్, గ్లాస్గోకి గ్లాస్వీజియన్, సిడ్నీకి సిడ్నీసైడర్, లాస్ ఏంజెలెస్‌కి ఆంజెలీనో. డాలస్‌లో పుట్టి పెరిగిన మీ అమ్మాయి కాలేజీలో ఇంకో డాలస్ పిల్లను పరిచయం చేస్తూ "ఎ ఫెలో డాలసైట్" అంటే సరదాగా ఉంటుంది. అదే అమ్మాయి మామూలుగా అనేది "షీజ్ ఫ్రమ్ హోమ్". అమెరికా కాలేజీ పిల్లల నోట ‘ఎ ఫ్రెండ్ ఫ్రమ్ హోమ్’ అంటే ఇంట్లోవాళ్ళు కాదు, సొంతూరి స్నేహితులు. వలస వచ్చిన మన నోట ‘బ్యాక్ హోమ్’ అంటే మాత్రం ఇండియా అనుకుంటారు, ఊరి పేరు చెప్పక తప్పదు.

పక్కన పెట్టాల్సినవి

టౌన్స్‌మన్ పాతబడింది, పైగా మగవాళ్ళకే. ‘టౌన్స్‌పీపుల్’ బతికే ఉంది, అయితే దానర్థం ఊరి జనమంతా. ఒక మనిషిని చూపించి అనేది కాదు. టౌనీ అనే ముద్దు మాట చూసి మోసపోవద్దు. అమెరికాలో కాలేజీ ఉన్న ఊళ్ళో విద్యార్థి కాని స్థానికుణ్ణి అంటారు. బ్రిటన్‌లో పల్లె సంగతులు తెలియని పట్నంవాణ్ణి వెక్కిరించేందుకు వాడతారు. రెండు చోట్లా కొంచెం చులకనే. నెయిబర్ పొరుగింటాయన. హోమ్‌టౌనర్ అని ఒకటుంది గానీ దాదాపు ఎవరూ అనరు.

సిటిజన్ కథ మనకు తెలిసిందే, పేరు మారిందంతే. పురంలో ఉండేవాడు పౌరుడు, సిటీలో ఉండేవాడు సిటిజన్. రెండు మాటలూ ఊరు వదిలి దేశానికి ఎదిగిపోయాయి. అందుకే ‘ఫెలో సిటిజన్’ అంటే ఇప్పుడు సాటి దేశపౌరుడు, మీ వీధి చివర కిరాణాకొట్టు అబ్బాయి కాదు. కంపేట్రియట్, కంట్రీమన్ కూడా దేశం లెక్కవే. కంట్రీమన్‌కి పల్లెటూరివాడనే రెండో అర్థం కూడా ఉండటంతో గందరగోళం రెట్టింపు.

వలస పుట్టించిన మాటలు

ఈ మాట అవసరం ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రాదు, ఊరు దాటాకే వస్తుంది. అందుకే ఇంగ్లీషులో ‘మా ఊరివాడు’కి నిజంగా దగ్గరైన మాటలన్నీ వలసపోయినవాళ్ళవే. సుమారు 1910 నుంచి 1970 వరకు అమెరికా దక్షిణాది నుంచి షికాగో, న్యూయార్క్, డెట్రాయిట్ లాంటి ఉత్తరాది నగరాలకు లక్షలాది నల్లజాతివాళ్ళు తరలిపోయారు. వాళ్ళ నోట ‘హోమ్‌బాయ్’ అంటే అచ్చంగా మన ఊరబ్బాయే. ఆ మాట తర్వాత మన పేటవాడు, మన జట్టువాడు, జిగిరీ దోస్తు దాకా సాగి ‘హోమీ’ అయింది. ఇప్పుడు హోమీ అంటే ఊరి సంగతి ఎవరికీ తట్టదు, పైగా ఆఫీసులో నప్పదు.

తూర్పు యూరప్ నుంచి న్యూయార్క్ చేరిన యూదులకు యిడ్డిష్‌లో ‘లాంట్స్‌మన్’ ఉంది, ఒకే ఊరు నుంచి వచ్చినవాడని. ఊరి పేరు మీద సంఘాలు పెట్టుకుని జబ్బు చేస్తే సాయం, చేబదులు, చివరికి శ్మశానంలో స్థలం కూడా ఏర్పాటు చేసుకున్నారు. ఇంగ్లీషులో రాస్తే ఇదే ‘ల్యాండ్స్‌మన్’ అయి, ఓడ ఎక్కడం ఎరగనివాడనే ఇంకో అర్థంతో కలిసిపోతుంది. ఇటాలియన్ అమెరికన్ల ‘పైజాన్’ కూడా ఈ కోవదే. ఇవన్నీ ఆయా జనాల సొంత మాటలు. అర్థం చేసుకోవడానికి నేర్చుకోండి, మీ ఊరాయన మీద ప్రయోగించకండి. గల్ఫులో ఫిలిప్పీన్స్ వాళ్ళతో పనిచేసేవాళ్ళకు ‘టౌన్‌మేట్’ వినిపించొచ్చు. వాళ్ళ ఇంగ్లీషులో అది సొంతూరివాడే. క్లాస్‌మేట్‌లా చక్కగా అమరిన మాట, మనకూ అలవాటైతే బాగుండును. ఇప్పటికైతే అమెరికన్‌కి చెబితే ఆగి ఆలోచిస్తాడు. నైజీరియన్ సహోద్యోగి దగ్గర మాత్రం "మై విలేజ్ పీపుల్" అనకండి. వాళ్ళ వాడుకలో ఆ మాటకు ఊళ్ళో కూర్చుని మనకు చేతబడి చేసే గిట్టనివాళ్ళని అర్థం, పని చెడినప్పుడల్లా నవ్వుతూ వాళ్ళ మీదికే నెడతారు.

ఆడపడుచు, అల్లుడు, వరసకు బాబాయి

ఇక్కడ ఇంగ్లీషు పూర్తిగా చేతులెత్తేస్తుంది. "ఆవిడ మా ఊరి ఆడపడుచు" అన్నదాంట్లో మూడు సంగతులున్నాయి: ఆవిడ పుట్టింది మా ఊళ్ళో, పెళ్ళయి వెళ్ళిపోయింది, ఇప్పటికీ మాకు ఆడబిడ్డే. మొదటి రెండూ "షీ గ్రూ అప్ ఇన్ మై విలేజ్ అండ్ మూవ్డ్ అవే ఆఫ్టర్ షీ గాట్ మ్యారీడ్" అంటే వస్తాయి. మూడోది కావాలంటే "వియ్ స్టిల్ థింక్ ఆఫ్ హర్ యాజ్ వన్ ఆఫ్ అజ్" అని ఇంకో వాక్యం ఖర్చు పెట్టాలి. ‘డాటర్ ఆఫ్ అవర్ విలేజ్’ సన్మాన పత్రానికి సరిపోతుంది, క్యాంటీన్లో కాదు. ఊరి అల్లుడైతే "హీ మ్యారీడ్ ఇంటు ఎ ఫ్యామిలీ ఫ్రమ్ మై టౌన్". ‘సన్-ఇన్-లా ఆఫ్ మై విలేజ్’ అంటే వినేవాడు ఊరికి పెళ్ళేమిటనుకుంటాడు.

ఊరి వరసలు మరీ జాగ్రత్త. "వరసకు బాబాయి అవుతాడు" అన్నవాణ్ణి ‘మై అంకుల్’ అని చెప్పి ఊరుకుంటే రక్తసంబంధం అనుకుంటారు. కబుర్లలో పర్వాలేదు, ఫారాల్లో కుదరదు. ఆస్పత్రిలో అత్యవసర సంప్రదింపు దగ్గర ‘రిలేషన్‌షిప్’ అడిగితే ‘ఫ్యామిలీ ఫ్రెండ్’ అని రాయండి. నేటివ్ అనీ విలేజర్ అనీ రాస్తే ఎవరికి ఫోన్ చేస్తున్నారో నర్సుకు అర్థం కాదు.

ఉద్యోగానికి రెఫర్ చేసేటప్పుడు కూడా ఇంతే. "మా ఊరబ్బాయి, కొంచెం చూడండి" అనే భావాన్ని "హీ ఈజ్ నోన్ టు మీ, ఫ్రమ్ మై నేటివ్" అని పంపితే రెండు నష్టాలు. భాష తేడా, పైగా ఊరిని చూసి సిఫారసు చేస్తున్నారన్న అనుమానం. "ఐ నో హిస్ ఫ్యామిలీ ఫ్రమ్ మై హోమ్‌టౌన్, వియ్ హ్యావ్ నాట్ వర్క్‌డ్ టుగెదర్" అని ఉన్నదున్నట్టు రాస్తే హెచ్ఆర్ వాళ్ళు ఎంత నమ్మాలో అంతే నమ్ముతారు, మీ మాటా పోదు.

ఊరు కాదు, జిల్లా అయితే

"మా జిల్లా వాళ్ళు" అనడానికి ‘ఫ్రమ్ ద సేమ్ డిస్ట్రిక్ట్’ ఇండియాలో చాలు. అమెరికాలో డిస్ట్రిక్ట్ అనగానే స్కూళ్ళదో కాంగ్రెసు సభ్యుడిదో గుర్తొస్తుంది, మన జిల్లాకు వాళ్ళ కౌంటీ దగ్గర. పైగా జిల్లాలే కదిలిపోయాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం ఆయనా కాకినాడ ఆయనా ఒకప్పుడు ఒకే తూర్పు గోదావరి, ఇప్పుడు వేర్వేరు. ఇలాంటప్పుడు "ఫ్రమ్ ద సేమ్ పార్ట్ ఆఫ్ ఆంధ్రా" అంటే గొడవ లేదు. "మా వైపు వాళ్ళే" అనే చనువు కావాలంటే "ఫ్రమ్ మై నెక్ ఆఫ్ ద వుడ్స్" ఉంది, అడవితో నిమిత్తం లేదు, ఎక్కడైనా వాడొచ్చు.

సంఘానికి పేరు పెట్టేటప్పుడు

టెక్సస్‌లో నలభై తెనాలి కుటుంబాలు కలిసి గ్రూపు పెట్టుకుంటున్నాయనుకుందాం. ‘నేటివ్స్ ఆఫ్ తెనాలి’ అంటే అక్కడ పుట్టనివాళ్ళంతా బయటే: కోడళ్ళు, అల్లుళ్ళు, ఇక్కడ పుట్టిన పిల్లలు. ‘తెనాలి సిటిజన్స్’ అంటే మున్సిపాలిటీ కుళాయిల మీద అర్జీలు పెట్టే సంఘంలా ఉంటుంది. ‘తెనాలియన్స్’ లోపలివాళ్ళకు ముద్దు, బ్యాంకులో ఖాతా తెరిచే గుమాస్తాకు అయోమయం. ‘తెనాలి హోమ్‌టౌన్ అసోసియేషన్’ నిఖార్సయిన పేరు. ఈ రకం సంఘాలను ఇంగ్లీషులో పిలిచేదే హోమ్‌టౌన్ అసోసియేషన్ అని. రిజిస్ట్రేషనుకూ విరాళాల రసీదుకూ ఇదే మంచిది. సభ్యత్వం వదులుగా ఉండాలనుకుంటే ‘ఫ్రెండ్స్ ఆఫ్ తెనాలి’ పెట్టుకోండి, అక్కడ పదేళ్ళు పాఠాలు చెప్పి వచ్చిన పరాయి ఊరి మాస్టారు కూడా ఇముడుతారు. వాట్సాప్ గ్రూపుకైతే ఇంగ్లీషే అక్కర్లేదు. పైన ‘మన తెనాలి’ అని పెట్టి, కింద వివరణ గడిలో "పీపుల్ ఫ్రమ్ తెనాలి, లివింగ్ ఇన్ టెక్సస్" అని ఒక్క లైను రాసేయండి.